కోఠికీ కోటికీ తేడా ఎక్కడ? హైదరాబాద్ రోడ్ల పేర్ల అసలు మాట పట్టుకోవడం

నల్లబల్ల (ప్రశ్న):

బడి గోడ మీద మెట్రో ఎర్ర లైను పటం వేస్తున్నాం, ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా. ఒక్కో స్టేషన్ పక్కన ఆ పేరు ఎలా వచ్చిందో రెండే రెండు వాక్యాలు రాయాలి. చదివేది ఎనిమిదో తరగతి పిల్లలు. వాట్సాప్ కథలు గోడకెక్కితే మళ్లీ చెరపడం కష్టం, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

చిక్కుముడులు ఇవి. ముసారాంబాగ్‌కి మూసీ నది పేరని ఒకరు, మూసా అనే ఆయనా రాముడూ కలిశారని ఇంకొకరు. లక్డీకాపూల్ అంటే చెక్కపువ్వు అనుకుంటున్నారు పిల్లలు. ఎర్రమంజిల్ అంటే ఎర్ర మేడ అని అందరూ చెబుతారు, మరి ఆ మంజిల్ ఎర్రగా లేదు. పంజాగుట్టలో ఉన్నది అయిదా, అరచెయ్యా? ఎంజీబీఎస్‌ని, అంటే మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌ని, పెద్దవాళ్లు ఇమ్లీబన్ అంటారు, అది ఏ భాష? లైను మీద లేకపోయినా కోఠి, మాసబ్ ట్యాంక్, తార్నాక కూడా చుట్టుపక్కల గీస్తున్నాం.

జవాబులతో పాటు, ఇలాంటివి మనంతట మనం సరిచూసుకునే దారి ఏదైనా ఉంటే అదీ చెప్పండి.

మూసీగట్టు:

తెలుగు బోర్డు మీదా ఇంగ్లిష్ బోర్డు మీదా పేరు చూసి అర్థం వెతకడం మానేయండి. ముందు బోర్డు మీది ఉర్దూ వరస చదవగలిగినవాళ్లని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ ఊళ్లో చాలా పేర్లు దక్కనీలో, అంటే ఇక్కడి ఉర్దూలో, పుట్టాయి, తెలుగు నోట్లో నలిగాయి, ఇంగ్లిష్ స్పెల్లింగులో ఇరుక్కున్నాయి, ఆ స్పెల్లింగుని చూసి మళ్లీ తెలుగు బోర్డుకెక్కాయి. ఇన్ని చేతులు మారేసరికి ఒత్తులు రాలిపోతాయి, దీర్ఘాలు అటూ ఇటూ అవుతాయి. అర్థం పోయేది అక్కడే.

కోఠినే చూడండి. ఇంగ్లిష్‌లో కె, ఓ, టి, ఐ అని రాసేసరికి ఠ ట అయిపోయింది. దాన్ని తెలుగులోకి తిప్పినవాళ్లు కోటి అన్నారు. నూరు లక్షల కోటితో గాని, రాళ్ల కోటతో గాని దానికి చుట్టరికం లేదు. కోఠి అంటే పెద్ద భవంతి. ఇక్కడి భవంతి బ్రిటిష్ రెసిడెన్సీ, కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉండగా 1800ల మొదట్లో కట్టడం మొదలైంది. తర్వాత అదే మహిళా కళాశాల అయింది. దాని చుట్టూ ఉన్న అంగళ్లు రెసిడెన్సీ బజార్లు. 1933లో అవి నిజాం చేతికి తిరిగి వచ్చాక సుల్తాన్ బజార్ అన్నారు. 1857 జులై 17న ఆ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపిన తుర్రేబాజ్ ఖాన్ పేరు మీద రోడ్డు ఉన్నదీ కోఠిలోనే. అంటే దాడి చేసినవాడి పేరూ, దాడి జరిగిన ఇంటి పేరూ పక్కపక్కనే ఉన్నాయి. పిల్లలకి ఇంతకంటే మంచి కార్డు దొరకదు.

కింగ్ కోఠిలోనూ అదే కోఠి. ఆ ఇల్లు కట్టించింది కమాల్ ఖాన్. తలుపులకీ కిటికీలకీ తన పేరు పొడి అక్షరాలు, రెండు 'కె'లు, చెక్కించుకున్నాడు. ఇల్లు ఏడో నిజాం చేతికి వచ్చాక ఆ అక్షరాలు చెరపనక్కర్లేకుండా కింగ్ కోఠి అనేశారని చెబుతారు.

రంగు వేసేవాళ్లకి ఒక మాట చెప్పి పెట్టండి. ఠలో మధ్య చుక్క మరిచిపోతే అది ర అయిపోతుంది. 'కోఠి' కాస్తా 'కోరి' అవుతుంది. నిచ్చెన దిగకముందే చుక్క చూసుకోవాలి.

లక్డీకాపూల్‌లో తప్పు దీర్ఘానిది. లక్డీ కా పుల్. పుల్ అంటే వంతెన, పువ్వయితే ఫూల్. చెక్కవంతెన అన్నమాట. తెలుగు పత్రికలు నయాపూల్, పురానాపూల్ అని కూడా ఇలాగే సాగదీసి రాస్తాయి. పురానాపుల్ 1578 నాటిది, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టారు. నయాపుల్ ఐదో నిజాం అఫ్జలుద్దౌలా నాటిది, అఫ్జల్‌గంజ్ పేరూ ఆయనదే. ఆయన 1869లో పోయాడు. వంతెన మాత్రం ఇవాళ్టికీ 'నయా'నే.

పంజాగుట్టలోని 'పంజా'కి ఉర్దూలో చివర 'హే' అక్షరం ఉంటుంది. పంజ్ అంటే అయిదు, పంజా అంటే అరచెయ్యి. ఆ హే ఉందంటే రాసినవాళ్ల మనసులో ఉన్నది అరచెయ్యే. అయిదు గుట్టల లెక్క ఇంగ్లిష్ స్పెల్లింగులోని 'పంజ్' చూసి పుట్టింది. తోక మాత్రం అచ్చ తెలుగు గుట్ట.

ఇక మాసబ్ ట్యాంక్. తెలుగులో చూస్తే దేనికీ అతకదు. ఉర్దూ పత్రికల్లో చూడండి: మీం, అలిఫ్, నూన్ అక్షరాలు, ఆ తర్వాత స్వాద్‌తో మొదలయ్యే సాహబ్. మాఁ సాహబ్ ట్యాంక్. 'మా సాహెబా', అంటే అమ్మగారి చెరువు. నూనూ స్వాదూ రెండూ బోర్డు మీద నిలబడి సాక్ష్యం చెబుతుంటే, ఇంగ్లిష్ స్పెల్లింగు పట్టుకుని వెతికితే ఏం దొరుకుతుంది?

లష్కర్‌పోరడు:

అన్న చెప్పింది మంచిగున్నది గని, తోక చూసుడు మర్వొద్దు. పేరుకు తల ఎవరిదైనా ఉండనీ, ఆ జాగ ఎసొంటిదో చెప్పేది తోకనే.

గూడ అంటె మన గూడెం. దాని ముందర ఉండేది అక్కడ బతికినోళ్ల పేరో, ఆ భూమి చూసుకున్నోళ్ల పేరో. కాచిగూడల కాచీలు, కూరగాయలు పండించేటోళ్లు. హబ్సిగూడల హబ్షీలు, అంటె నిజాం ఫౌజుల ఉన్న ఆఫ్రికా మనుషులు. మెట్టుగూడకు మనిషి పేరు లేదు, జాగ ఎత్తు మీద ఉన్నది, అంతే. బౌలి అంటె మెట్లబావి. పుత్లీబౌలి, దూద్‌బౌలి, రేతిబౌలి అన్నీ బావులే. రేతి అంటె ఇసుక. గచ్చిబౌలి అంటె గచ్చు బావి. సున్నం గచ్చు మనకు తెల్వదా ఏంది? సగం మాట మనది, సగం మాట వాళ్లది.

గిట్ల కలిసినయి ఊరు నిండ ఉన్నయి. పాతబస్తీల తలాబ్‌కట్ట సూడుర్రి. తలాబ్ అంటె చెరువు, కట్ట మన కట్టనే. మీర్ జుమ్లా తలాబ్ కట్ట అది. హుస్సేన్ సాగర్ కట్టను ఇంగ్లిషుల ట్యాంక్ బండ్ అన్నరు, దాని కింద గుడి మాత్రం కట్ట మైసమ్మది. ఒక్క మట్టికట్టకు మూడు బాసల మూడు పేర్లు. ఎవ్వలు ఎవ్వల దగ్గర తీసుకున్నరని కొట్లాడేదేం లేదు, పక్కపక్కన బతికినోళ్లు గట్లనే మాట్లాడుతరు.

ఇమ్లీబన్ అడిగినవు గద. ఇమ్లీ అంటె చింతపండు, బన్ అంటె వనం. చింతతోపు. ఒక్కటి మాత్రం యాదికి పెట్టుకో. 1908 వరదల నూటయాభై మంది దాక ఎక్కి పానం దక్కించుకున్న చింతచెట్టు ఉస్మానియా దవాఖాన ఆవరణల ఉన్నది. దాన్ని తెచ్చి ఇమ్లీబన్ పేరుకు అతికిస్తున్నరు ఈ మధ్య. రెండు చింతలే గని, రెండు వేరే వేరే.

తార్నాక అంటె తార్, నాకా. తీగ కట్టి ఆపే నాకా. నాకా అంటె చెక్‌పోస్టు, మస్తు మందికి తెల్సినదే.

ఇగ ఎర్రమంజిల్. గిది వింటె నవ్వొస్తది. ఆ మిట్టను తెలుగోళ్లు ఎర్రగడ్డ అనేటోళ్లు, ఎర్రమట్టి గడ్డ గనక. 1870 ప్రాంతంల నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ దాని మీద మేడ కట్టిండు. ఎర్ర అన్న సప్పుడు పోకుండ, ఫార్సీల ఇర్రం అన్నడు, అంటె స్వర్గం. ఇర్రం మంజిల్. మనోళ్లు దాన్ని మల్ల ఎర్రమంజిల్ చేసిన్రు. తెలుగు మాట ఫార్సీలకు పోయి, మళ్ల తెలుగుకే తిరిగొచ్చింది. మేడ ఎర్రగ ఎందుకు లేదంటవా? ఎర్రన మట్టిది, మేడది కాదు.

ఇంకొకటి. మీ లైను మీదనే ఎర్రగడ్డ అని ఇంకో స్టేషన్ ఉన్నది. ఎర్రమంజిల్ కాడికెల్లి అయిదోది: పంజాగుట్ట, అమీర్‌పేట, ఎస్సార్ నగర్, ఈఎస్ఐ, తర్వాత ఎర్రగడ్డ. నవాబు మేడ ఉన్న గడ్డ గది కాదు. రెండు కార్డులు తారుమారు చేసేరు, పైలం.

కుంట, చెరువు, తలాబ్ తోక ఉన్న పేర్లన్నీ ఒక్క రంగుల గియ్యుర్రి. నల్లకుంట, లోతుకుంట, మాసబ్ ట్యాంక్. వానకాలంల నీళ్లు ఏ దిక్కు పోతయో పిల్లలకు గా రంగే చెప్తది.

పటంపిచ్చి:

ఉర్దూ బోర్డు సాక్ష్యం అని మూసీగట్టు గారు చెప్పింది దక్కనీ పేర్ల వరకు సరే. తెల్లదొరల పేర్ల దగ్గర అదే బోర్డు మోసం చేస్తుంది, ఎందుకంటే పేరు బోర్డుకెక్కకముందే నోట్లో మారిపోయింది. ముసారాంబాగ్‌కి ఉర్దూలో కూడా మూసా, రామ్ అనే కనిపిస్తాయి. దాన్ని నమ్మితే దొరికేది మతసామరస్యం కథే.

అసలు మనిషి ఫ్రెంచివాడు, మిషెల్ జోకిం మారీ రేమన్. రెండో నిజాం కొలువులో సేనాని. ఫ్రెంచివాళ్లు పెద్దమనిషిని మొస్యూ అంటారు. మొస్యూ రేమన్ అన్నది ముస్లింల నోట మూసా రహీం, హిందువుల నోట మూసా రామ్ అయింది. ఆయన తోట ముసారాంబాగ్. 1798 మార్చి 25న చనిపోయాడు. మలక్‌పేట వైపు ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి, దాని మీద రాతి స్తంభం ఇప్పటికీ ఉన్నాయి. స్టేషన్ నుంచి దూరమేమీ కాదు, పిల్లల్ని తీసుకెళ్లి చూపించొచ్చు. మూసీ నదికీ ఈ పేరుకీ సంబంధం లేదు. మూసీ అయితే చివర 'ఈ' పోయి 'ఆ' ఎందుకొస్తుంది?

రేమన్ వదిలిపోయిన ఇంకో పేరు గన్‌ఫౌండ్రీ. ఫిరంగులు పోతపోసే చోటు. పాతవాళ్లు తోప్ కా సాంచా అనేవాళ్లు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు.

ఈ జాతివి ఇంకా ఉన్నాయి. బార్కస్ అంటే బారక్స్, అరబ్బు సైనికుల వసతి. ఏసీ గార్డ్స్‌లో ఏసీకి చల్లదనంతో పని లేదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆబిడ్స్‌లో చివరి 'స్' బహువచనమని అనుకుంటారు. అది ఇంగ్లిష్ వాళ్ల షష్ఠీ విభక్తి, ఆబిడ్ గారి అని. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆర్మీనియన్ యూదుడు ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం. ఆబిడ్ గారి కొట్టు కాస్తా కొట్టు పోయి, 'గారి' మాత్రం మిగిలింది. ప్యారడైజ్ సర్కిల్‌కి సినిమా టాకీసు పేరు, ప్యాట్నీకి ఒక వ్యాపార సంస్థ పేరు. దుకాణం మూతపడ్డా చౌరస్తా దాని పేరుతోనే బతుకుతుంది.

చాదర్‌ఘాట్‌ని ఈ గుంపులో కలపొద్దు. అక్కడి వంతెనకి ఆలిఫెంట్ అనే ఇంజనీరు పేరుంది, 1831 నాటిది. చాదర్ మాత్రం ఇక్కడిదే. మూసీకి అడ్డంగా ఉన్న ఆనకట్ట మీదినుంచి నీళ్లు పరిచిన దుప్పటిలా జారేవి, అదే చాదర్.

నా లెక్కలో గుర్తు ఇదీ: పేరులో తల ఏ భాషలోనూ సరిగ్గా అతకకుండా, తోక మాత్రం మామూలుగా ఉంటే, అక్కడ ఒకప్పుడు ఫౌజు గాని, దొర గాని, కంపెనీ గాని ఉందేమో ముందు వెతకండి. ముసారాంబాగ్ దొరికింది అలాగే.

ఖాస్రాపహాణీ:

అర్థాలు పైవాళ్లు చెప్పేశారు. సరిచూసుకోవడం ఎలా అని అడిగారు కదా, అది నేను చెబుతాను. పేరు ఎప్పటి నుంచి వాడుకలో ఉందో కాగితం మీద చూపించగలిగితే సగం కథలు వాటంతటవే రాలిపోతాయి.

మొదట పటాలు. 1908 సెప్టెంబర్ 28 వరద తర్వాత, 1912–15 ప్రాంతంలో లియోనార్డ్ మున్ ఆధ్వర్యంలో నగరం మునిసిపల్ సర్వే జరిగింది. గల్లీలు, బావులు, దేవిడీలు (నవాబుల భవనాలు), మసీదులు, గుళ్లు విడివిడిగా గీసిన పటాలవి. మీ రోడ్డు దాని మీద ఏ పేరుతో ఉందో చూడండి. అక్కడ లేని పేరు అయితే 'కుతుబ్‌షాహీల నాటి నుంచీ' అని రాసేముందు ఆగి, ఇంకో రుజువు వెతకండి. శివార్లకి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (నేల వివరాల పటాలు) పట్టుకోండి, 1:50,000 స్కేలు, నగరానికి షీటు నంబర్లు 56కె/7, 56కె/11. పాత ముద్రణలు దొరికితే ఇప్పుడు కనిపించని కుంటలూ కట్టలూ నీలం రంగులో కనబడతాయి.

తర్వాత భూమి కాగితాలు. ఇంటి దస్తావేజు చివర షెడ్యూల్ ఉంటుంది, అందులో రెవెన్యూ గ్రామం పేరు రాస్తారు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ దస్తావేజుల్లో 'షేక్‌పేట గ్రామం' అని కనబడుతుంది. అసలు ఊరు అది, హిల్స్ అన్నవి తర్వాతివి. హద్దుల దగ్గర ఇంకా విలువైన సంగతి దొరుకుతుంది. 'తూర్పు: ఫలానా బాట' అని రాసిన చోట ఆ రోడ్డు పాత పేరు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాల్సిందే. ఊరి పేరూ సర్వే నంబరూ నిర్ధారణకి 1954–55 ఖాస్రా పహాణీ, అంటే రెవెన్యూ భూముల రికార్డు, చూడండి.

నిజాం నాటి కాగితాల్లో ఏళ్లు ఫసలీలో, అంటే పన్నుల లెక్కకి వాడిన సంవత్సరాల్లో, ఉంటాయి. మన మామూలు సంవత్సరం కావాలంటే 590 కలపండి. 1317 ఫసలీ అంటే 1907. ఏడాది అక్టోబర్‌లో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి వచ్చే నెలలకి 591. హిజ్రీ ఏడాదిని ఫసలీ అనుకుని లెక్క కట్టినవాళ్లే ఎక్కువ తప్పులు చేస్తారు. హిజ్రీ చాంద్రమానం, ఒక సంఖ్య కలిపేస్తే కుదరదు. చార్మినార్ 1000 హిజ్రీ, అది 1591. 590 కలిపితే ఇక్కడ ఒక్క ఏడాది తేడాతో దగ్గరగానే వస్తుంది, అందుకే జనం మోసపోతారు. 1300ల్లోకి వచ్చేసరికి తేడా ఎనిమిదేళ్ల దాకా అవుతుంది.

ఇంటి నంబరు కూడా చదవడం నేర్పండి. 6-3-... అంటే ఆరో వార్డు, మూడో బ్లాకు, తర్వాతది ఇల్లు. నంబరులో ఏటవాలు గీత (/) పడిందంటే నేల ముక్కలైందని అర్థం. జూబ్లీహిల్స్‌లో లెక్కలేనన్ని ఇళ్లు 8-2-293/82 అని మొదలవుతాయి, ఒక్క పాత నంబరు కిందే అంతా కోశారు. పేరు మారినా నంబరు సాధారణంగా మారదు. పాత కాగితంలో 'జేమ్స్ స్ట్రీట్' అనీ కొత్త కాగితంలో ఇంకోలా అనీ ఉన్నప్పుడు, రెండూ ఒక్క ఇల్లేనని తేల్చేది ఇంటి నంబరే.

పేర్లు మార్చిన చోట ఇంకా జాగ్రత్త. సికింద్రాబాద్‌లో జేమ్స్ స్ట్రీట్ ఎంజీ రోడ్డయింది, కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డయింది. ఎంఎంటీఎస్ స్టేషన్ మాత్రం ఇంకా జేమ్స్ స్ట్రీటే. నెక్లెస్ రోడ్డు ఇప్పుడు పీవీ నరసింహారావు మార్గ్. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పైవంతెన, 2009లో తెరిచింది, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే. 'పీవీ రోడ్డు' అని ఒట్టిగా రాస్తే చదివేవాళ్లు హుస్సేన్ సాగర్ గట్టున దిగాలో అత్తాపూర్‌లో దిగాలో తెలియదు.

పొడి అక్షరాలు ఇంతకంటే మోసకారివి. ఎంజే మార్కెట్, ఎంజే రోడ్డు ఒకటే ఎంజే అనుకుంటారు. మార్కెట్ మొజంజాహీ, ఏడో నిజాం రెండో కొడుకు మొజంజాహ్ పేరు, 1935 నాటిది. నాంపల్లి వైపు రోడ్డు ముకర్రంజాహీ, అది మనవడి పేరు. బాబాయి మార్కెట్లో ఉన్నాడు, అబ్బాయి రోడ్డు మీద ఉన్నాడు.

రోడ్డు నంబర్లూ అంతే. బంజారాహిల్స్‌లో పదో నంబరు రోడ్డుంది, జూబ్లీహిల్స్‌లోనూ ఉంది. హిల్స్ పేరు రాయకుండా నంబరు మాత్రం రాయకండి.

ఈ మధ్య పెట్టిన పేరయితే జీహెచ్ఎంసీ తీర్మానం కాపీ అడగొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకి 10 రూపాయలు, కాపీకి పేజీ 2 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. 'ఈ పేరు ఎందుకు పెట్టారు' అని అడిగితే అభిప్రాయం అడిగారని వెనక్కి కొట్టొచ్చు. 'ఫలానా రోడ్డుకి పేరు పెట్టిన తీర్మానం, దానికి జత చేసిన నోట్ నకలు ఇవ్వండి' అని కాగితం పేరుతో అడగండి.

నల్లబల్ల:

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, మాసబ్ ట్యాంక్ 'మా సాహెబా' హయత్ బక్షీ బేగం అని ఒక చోట, ఖానం ఆఘా అని ఇంకో చోట చదివాను. ఏది వేయాలి? రెండు, ఖైరతాబాద్ ఖైరాత్ నుంచి వచ్చిందని, అంటే దానధర్మాల ఊరని, చార్టులో ఇప్పటికే రాసేశారు.

మూసీగట్టు:

చార్టు ఆపండి. ఖైరాత్ కాదండీ. ఉర్దూ పత్రికలు ఖైరియతాబాద్ అని రాస్తాయి, ఖైరాత్‌లోని అలిఫ్ అందులో లేదు. కుతుబ్‌షాహీల ఆడపడుచు ఖైరతున్నిసా బేగం పేరు మీద వచ్చిందనేదే నిలబడే మాట. ఆమె కట్టించిన మసీదు అక్కడే ఉంది.

మా సాహెబా సంగతి. హయత్ బక్షీ బేగం మహమ్మద్ కులీ కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. ఆ గౌరవ పదం ఆమెకే బాగా స్థిరపడింది. విజయవాడ దారిలో హయత్‌నగర్ కూడా ఆమె పేరే. చెరువు తవ్వించింది ఆమె అత్తగారు ఖానం ఆఘా అనేవాళ్లూ ఉన్నారు, ఆవిడ సుల్తాన్ మహమ్మద్ తల్లి. ఇద్దరూ రాజమాతలే కదా. కార్డు మీద 'కుతుబ్‌షాహీ రాజమాత పేరు మీద చెరువు' అని రాయండి. అత్తాకోడళ్లలో ఎవరు గెలిచినా మీ గోడ మీద తప్పు ఉండదు.

లష్కర్‌పోరడు:

గా చెరువు ఇప్పుడు లేదని కూడ రాయుర్రి. లేకుంటె పిల్లలు పోయి ట్యాంక్ ఏదని దేవులాడుతరు. చాచా నెహ్రూ పార్కు సూపెట్టుర్రి.

పటంపిచ్చి:

స్టేషన్ పేరు పైన పెద్ద అక్షరాలతో మెట్రో బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఉంచండి, లేకపోతే పిల్లలు రైల్లో వెతుక్కోలేరు. కింద చిన్న అక్షరాలతో అసలు మాట. ఎర్రమంజిల్‌కి ఇలా సరిపోతుంది:

'ఎర్రగడ్డ అనే మట్టి మిట్ట మీద నవాబు కట్టిన ఇర్రం మంజిల్. ఇర్రం అంటే ఫార్సీలో స్వర్గం.'

ముసారాంబాగ్‌కి:

'ఫ్రెంచి సేనాని మొస్యూ రేమన్ తోట. మొస్యూ అంటే అయ్యగారు.'

నల్లబల్ల:

ఖైరతాబాద్ చెరిపించాం. కోఠికి చుక్క పెట్టించాం.